కొలిమి తిత్తి – కొంత చరిత్ర, కొంత సొంత గొడవ

పొద్దున్నే గౌతమీ గోదావరి గట్టు మీద నడకకు వచ్చే మన సభ్యులందరికీ భస్త్రిక ప్రాణాయామం తెలిసిందే. బి.పి. ఉన్నవాళ్ళు చేయకూడదని డాక్టరుగారు చెప్పినా, పక్కాయన చేస్తున్నాడు గదా అని మనమూ బుస్సుబుస్సుమంటూ ఉంటాం. మొన్న ఒక మిత్రుడు "ఇంతకీ భస్త్రిక అంటే ఏమిటండీ?" అని అడిగారు. "భస్త్ర అంటే కొలిమి తిత్తి. హఠయోగ ప్రదీపికలో ఆ పోలికతోనే పేరు పెట్టారు" అన్నాను. ఆయన వెంట వచ్చిన మనవడు వెంటనే "తాతయ్యా, తిత్తి అంటే?" అన్నాడు. మేమిద్దరం చేతులు ఆడిస్తూ చూపించబోయాం గాని, వాడికి నవ్వు వచ్చింది తప్ప బోధపడలేదు. ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడుగుతూనే ఉన్నారు గనుక, ఆ కుర్రవాడికి బాకీపడ్డ సమాధానమే ఇక్కడ వ్రాస్తున్నాను.

నా చిన్నతనంలో, అంటే 1960 ప్రాంతంలో, యానాంలో మా వీధి చివర ఒక కమ్మరి తాత ఉండేవాడు. తాటాకు పాక, మధ్యలో నేలలో త్రవ్విన కొలిమి, ప్రక్కన దాగలి, సమ్మెట, పట్టకార్లు. కొలిమికి వెనుక రెండు మేకతోలు తిత్తులు. తోలును చీల్చకుండా సంచిలాగ ఒలిచి, ఒక చివర గొట్టం బిగించి, రెండో చివర మూతికి రెండు వెదురు బద్దలు కుట్టేవారు. బద్దలు విడదీసి పైకి లాగితే గాలి నిండుతుంది. మూసి క్రిందికి అదిమితే ఆ గాలి గొట్టంలోంచి బొగ్గుల్లోకి పోతుంది. తిత్తి ఒక్కటే అయితే, అది పైకి లేచినంతసేపూ నిప్పు నీరసిస్తుంది. అందుకని రెండు. ఒకటి లేస్తుంటే రెండోది అణగాలి. ఆ వరుస తప్పితే కర్రు సరిగా కాగదు, తాత తిట్లు మొదలవుతాయి. తిత్తులు లాగేది తాత భార్య. బడి లేని రోజున ఆమెను లేపి మేం కుర్రవాళ్ళం కూర్చునేవాళ్ళం. అర్ధగంట లాగితే బొంగరానికి ఒక ములికి కూలి. ఆ అర్ధగంటకే భుజాలు లాగేసేవి. ఆమె రోజంతా లాగేది. ఆమెకు ములికి కూడా లేదు. రైతులు కళ్ళంలో కొలిచే మేర ధాన్యం తాత పేరునే వచ్చేది.

మన భాషలో ఈ వస్తువు ఎంత లోతుగా దిగిపోయిందో చూడండి. ఛాతీలో ఉన్న అవయవానికి మన పెద్దలు పెట్టిన పేరు ఊపిరితిత్తి. కోపం వస్తే తిత్తి తీస్తానంటాం. యక్షగానాల్లోనూ తోలుబొమ్మలాటల్లోనూ శ్రుతికి పట్టే తోలువాద్యానికీ తిత్తి అనే పేరు. భాగవతం ద్వితీయ స్కంధంలో శౌనకుడు సూతుణ్ణి, కొలిమి తిత్తులు కూడా ఊపిరి తీస్తాయి గదా, అంతమాత్రాన బ్రతికినట్టా అని అడుగుతాడు. పెన్షనర్లు ఆలోచించవలసిన ప్రశ్నే, కాని ఇక్కడ వద్దు.

తిత్తి లేని కాలం కూడా ఉంది. ఋగ్వేదంలో లోహకారుడు పక్షి ఈకలతో నిప్పు విసురుకుంటాడు. ఈజిప్టులో క్రీ.పూ. 15వ శతాబ్దపు మంత్రి రెఖ్‌మిరే సమాధి గోడ మీది బొమ్మలో పనివారు రెండేసి తిత్తుల మీద నిలబడి, ఒక్కొక్క కాలితో ఒక్కొక్కటి తొక్కుతూ, తాళ్ళతో పైకి లాగుతూ కనబడతారు. గ్రీకుల ఇలియడ్‌లో దేవతల కమ్మరికి ఇరవై తిత్తులు. ఆయన ఆజ్ఞాపిస్తే అవే ఊదుతాయి. లాగే మనిషి అవసరం లేకపోవడం దేవతలకే సాధ్యమని ఆ కవికీ తెలుసన్నమాట.

మన గోదావరి ముఖద్వారాల సంగతికి వద్దాం. 1670లలో బంగాళాఖాతం తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఆంగ్లేయుడు నరసాపురం ప్రక్కనున్న మాధవాయపాలెంలో ఓడలు కట్టడం చూసి వ్రాసుకున్నాడు. అక్కడి కలప మంచిదనీ, ఇనుము శ్రేష్ఠమైనదనీ, మేకులు, బోల్టులు, లంగర్ల వంటి ఏ ఇనుపపనైనా స్థానికులే నేర్పుగా చేస్తారనీ మెచ్చుకున్నాడు. ఆంగ్లేయులు తమ ఓడలను అక్కడ కట్టించుకున్నారు. ఒక ఓడకు ఎన్ని మేకులు కావాలి! ఒక్కొక్క మేకూ ఎర్రగా కాలాలి. ఒక్కొక్క కొలిమి దగ్గరా ఒకరు తిత్తి లాగుతూ కూర్చోవాలి. మన యానాం ప్రక్కనే కోరంగి, తాళ్ళరేవుల్లో కూడా ఓడల పని జరిగింది. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపాన్లు కోరంగిని ముంచేశాయి. ఆ ఓడల యజమానుల పేర్లు దొరుకుతాయి, కొన్ని ఓడల పేర్లూ దొరుకుతాయి. తిత్తి లాగినవారి పేరు ఒక్కటి కూడా నా కంటబడలేదు.

తెలంగాణాలో, ఇప్పటి నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కు ఇంకా గొప్పది. మట్టి మూసల్లో ఇనుమును కరిగించి తీసే ఆ ఉక్కును కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. డమాస్కస్ కత్తులని లోకం చెప్పుకున్న ఆయుధాలకు వాడింది ఇటువంటి ఉక్కే. 1820 ప్రాంతంలో వాయిసీ అనే డాక్టరు ఆ పని కళ్ళారా చూసి వ్రాశాడు. అంత వేడి రావాలంటే గంటల తరబడి తిత్తులు ఆగడానికి వీల్లేదు. మనుషులు మారుతూ ఉండవలసిందే.

తిత్తి ఇనుముకే కాదు, పాటకూ పనికివచ్చింది. యూరపులో చర్చి ఆర్గన్లకు గాలి కావాలి. జర్మనీలో హాల్బర్‌స్టాట్ చర్చికి 1361లో చేసిన ఆర్గన్‌కు ఇరవై తిత్తులు, వాటిని తొక్కడానికి పదిమంది. వాయించే ఆయన ఒక్కడే! తరువాత 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబైన్ హార్మోనియంకు పేటెంటు తీసుకున్నాడు. దానికి తిత్తిని వాయించేవాడే కాళ్ళతో తొక్కుకుంటాడు. 1875లో కలకత్తాలో ద్వార్కిన్ కంపెనీ పెట్టిన ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చునే మనవాళ్ళకు వీలుగా, ఎడమచేత్తో తిత్తి ఆడించుకునే చేతి హార్మోనియం తయారుచేశాడు. ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, వాయించేవాడూ తిత్తి లాగేవాడూ ఒకడే కావడం. మన హరిశ్చంద్ర, పాండవోద్యోగం పందిళ్ళలో అది లేకుండా పద్యం లేవలేదు. అయినా 1940లో ఆకాశవాణి దానిని వెలివేసింది, గమకాలు పలకవని. రవీంద్రనాథ్ ఠాగూరు కూడా దాని మీద విసుక్కున్నవాడే. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. సంగీతజ్ఞులు నన్ను క్షమించాలి గాని, రాత్రి రెండు గంటలకు కాటిసీను పద్యం అందుకునే నటుడికి గమకం కన్న శ్రుతి ముఖ్యం.

పాత ఫోటో స్టూడియోలో నల్లగుడ్డ వెనుక మడతల కెమెరా, రైలుపెట్టెల మధ్య మడతల దారి, ఇవన్నీ తిత్తి సంతానమే. ఆసుపత్రిలో మత్తు డాక్టరుగారి యంత్రంలో గాజుగొట్టం లోపల లేచిపడే నల్లటి తిత్తిని మనలో ఆపరేషన్లయిన వారు చూసే ఉంటారు, అప్పటికి స్పృహ ఉంటే. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడి రోగులకు ఊపిరాడకపోతే, ఇబ్సెన్ అనే డాక్టరు గొంతులో గొట్టం పెట్టి రబ్బరు సంచితో గాలి పంపించాడు. చాలినన్ని యంత్రాలు లేవు. సుమారు 1500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా మంచాల ప్రక్కన కూర్చుని, రాత్రింబగళ్ళు ఆ సంచులు నొక్కారు. చావులు బాగా తగ్గాయి. ఆ సంగతి చదివినప్పుడు నాకు కమ్మరి తాత భార్య చేతులు గుర్తుకు వచ్చాయి.

ఇక చైనావాళ్ళలో ఒకాయన. క్రీ.శ. 31లో నాన్యాంగ్ అనే చోట దూ షీ అనే అధికారి, ఏటినీటితో తిరిగే చక్రానికి కొలిమి తిత్తులను తగిలించే ఏర్పాటు చేయించాడు. ప్రజల శ్రమ తగ్గించాలనే ఉద్దేశంతో చేశాడని వాళ్ళ చరిత్రలో వ్రాసి ఉంది. మనలాగా గవర్నమెంటు ఉద్యోగే.

ఆ పేరు చదివినప్పుడు నాకు సిగ్గువేసింది. ఎందుకో చెప్పాలి. 1980లలో నేను పనిచేసిన ఒక ఆఫీసులో చేతిపనివారికి పనిముట్లు కొనుక్కోవడానికి సాయం చేసే పథకం నా సీటుకు వచ్చింది. మా కమ్మరి తాత కొడుకు అర్జీ పెట్టుకున్నాడు. తిత్తులు చిరిగిపోయాయి, కొత్తవి రెండు కుట్టించుకోవాలని. మూడు కొటేషన్లు జతపరచలేదు గనుక పరిశీలనకు వీలు లేదని నేను నోట్ పెట్టాను. రూలు ప్రకారం సరైనదే. అతను వచ్చి, "తిత్తికి కొటేషన్ ఎవరిత్తారండి? మేకనడగాలండి" అన్నాడు. సెక్షనంతా నవ్వింది, నేనూ నవ్వాను. చివరకు ఎవరో సలహా చెప్పగా కరెంటు బ్లోయర్ కావాలని అర్జీ మార్చి, ఒకే షాపులో మూడు పేర్ల మీద మూడు కొటేషన్లు తెచ్చాడు. అన్నీ సక్రమంగా ఉన్నందున మంజూరైంది. మొదటి అర్జీకీ మంజూరుకీ మధ్య పద్నాలుగు నెలలు.

బ్లోయర్ వచ్చాక ఒకసారి చూద్దామని వెళ్ళాను. పాత తిత్తులు మట్టిగోడకు వ్రేలాడుతున్నాయి. వాటి నిండా అతుకులు. పద్నాలుగు నెలలూ వాటితోనే లాక్కొచ్చారు. లాగింది అతని భార్య. నేను పెద్దమనిషి తరహాలో, "ఎంతైనా ఆ తిత్తుల చప్పుడు వినసొంపుగా ఉండేదమ్మా" అన్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుకుంటోంది. తలెత్తకుండానే, "ఆయ్, ఇనేవోళ్ళకి బాగానే ఉంటాదండి. నాకు మాత్రం ఇన్నేళ్ళకి రాత్రిపూట కుడిపక్కకి తిరిగి పడుకోడం వచ్చిందండి" అంది.

ఇప్పుడు ఆ స్థలంలో మనవడు వెల్డింగు షాపు పెట్టుకున్నాడు. తిత్తులు ఎలకలు కొట్టేస్తే పారేశారట. గొట్టం మాత్రం ఉంది. షట్టరు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడుతున్నారు. మిత్రుని మనవణ్ణి తీసుకువెళ్ళి అది చూపించాను. వాడు దాని చివర నోరుపెట్టి ఊది చూశాడు.