ఖరగ్‌పూరు వంటయింట మూడుపాల కేకు

ఖరగ్‌పూరు తెలుగువారి చరిత్ర రైలుపట్టాలతో ముడివడి యున్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1902లో కటకము నుండి వాల్తేరు వరకు గల తీరమార్గమును తనలో కలుపుకొనెను. నేటి శ్రీకాకుళ, విజయనగర, విశాఖ జిల్లాల నుండి కార్మికులును గుమాస్తాలును ఆ దారినే తరలిపోయి రైల్వే వర్క్‌షాపు చుట్టును కాపురములు పెట్టిరి. ఇప్పుడా పట్టణపు పొలిమేరలో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కు వెలసినది. (వీరేశలింగము పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరుడని కీర్తించిరి గనుక ఆ పేరు తెలుగువారికి పరాయిది కాదు.) ఇట్టి పట్టణముల యిండ్లలో నేడు పిల్లలు పుట్టినరోజున కోరెడి వానిలో పాలలో నానిన స్పంజి కేకు ఒకటి.

దీని స్పానిషు నామమునకు ‘మూడు పాలు’ అని యర్థము. పుట్టినిల్లు తమదేయని మెక్సికో, నికరాగ్వా దేశములు వాదులాడుకొనుచున్నవి. రొట్టెను తీపిపాలలో నానబెట్టుట ప్రాచీనమే. కాని యీ కేకు డబ్బాపాల బిడ్డ. అమెరికాలో గెయిల్ బోర్డెన్ 1856లో పాలను చిక్కబరచి నిలువచేయు పద్ధతికి పేటెంటు పొందెను. 1861లో మొదలైన అంతర్యుద్ధమున సైన్యము ఆ డబ్బాలను విరివిగా కొనెను. పాలు త్వరగా విరిగెడి ఉష్ణదేశములకు అవి పిదప వరమైనవి. కావున దీనిని సంప్రదాయపు కేకనుట కొంత ఉదారమైన మాటయే. సంప్రదాయమును వయసడుగుట మర్యాద కాదు గాని, దీనికి నూరేండ్లు నిండినవో లేదో!

మన దేశమునకు నెస్లే సంస్థ సరకు 1912 నుండి దిగుమతి యగుచుండెను. 1961లో ఆ సంస్థ పంజాబులోని మోగాలో తన తొలి కర్మాగారమును నెలకొల్పెను.

అయితే మూడు పాలలో ఒకదానికి తెలుగింట డబ్బా అక్కరలేదు. ‘ఇవాపరేటెడ్ మిల్కు’ అనునది సగమునకు పైగా నీరు ఇగిరిన పాలే. లీటరు పాలను అడుగంటకుండ కలియబెట్టుచు సగమునకు దిగువగా మరిగించు విద్య మన యాడవారికి ఎవరును నేర్పనక్కరలేదు. పాలపూరీలు చేయు చేతులకు అది నిత్యకృత్యము. హైదరాబాదు డబుల్ కా మీఠాలో సయితము వేగిన రొట్టె నానునది ఇట్టి పాలలోనే. డబ్బా శ్రమ తగ్గించిన మాట నిజము. రుచి మాత్రము మరిగిన పాలదే.

ఐదు గ్రుడ్లు, కప్పు చక్కెర, కప్పు మైదా, చెంచాడు బేకింగ్ పౌడరు చాలును. వెన్న పడదు, స్పంజి పాలను పీల్చుటకు అదియే కారణము. గ్రుడ్లను నురుగు నిలుచునంత వరకు గిలకొట్టవలెను. ఆ నురుగులోని గాలిగదులే పిదప పాలకు ఇండ్లగును. గ్రుడ్డు ముట్టనివారు పెరుగుతో చేయుదురు. అదియు బాగుండును గాని అంతగా పీల్చదు. ఓవెను లేనిచో పెద్ద కుక్కరులో ఉప్పు పరచి, గాస్కెట్టును వెయిటును తీసివేసి, సన్ననిసెగపై కాల్చవచ్చును.

చల్లారిన పిదప ఫోర్కుతో అంతటను పొడిచి, మరిగిన పాలు, 400 గ్రాముల తీపిపాల డబ్బా, చిన్న గ్లాసెడు మీగడ కలిపి కొంచెము కొంచెముగా పోయవలెను. తొందరపడినచో పైభాగము చితుకును, అడుగు పొడిగానే మిగులును. రాత్రియంతయు ఫ్రిజ్జులో నుంచి, మిగిలిన పాలను మరునాడు వడ్డించునపుడు పైన పోయుదురు.