నేల గరుకులో మనిషి గీత

1906లో లెఫ్టినెంట్ ఫిలిప్ షార్ప్ సైనిక బెలూన్ ఎక్కి స్టోన్‌హెంజ్‌ను ఫొటో తీశాడు. అప్పటి నుంచి బ్రిటన్‌ను ఒక ప్రశ్న వదల్లేదు. పైనుంచి కనిపించే నేలలో ప్రకృతి చేసిందేది, మనిషి చేసిందేది?

తొలి జవాబులు కళ్లే చెప్పాయి. మొదటి ప్రపంచయుద్ధంలో విమాన పరిశీలకుడిగా పనిచేసిన ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ 1920లో దేశ పటాలు తయారుచేసే ఆర్డ్‌నెన్స్ సర్వేకు తొలి పురావస్తు అధికారి అయ్యాడు. వైమానికదళం తీసిన ఫొటోల్లో ప్రాచీనుల పొలాల గట్లను పోల్చుకున్నాడు. 1925 డిసెంబరులో గిల్బర్ట్ ఇన్సాల్ విమానంలోంచి గమనించిన చోట తవ్వితే ఆరు వలయాలుగా కొయ్యస్తంభాల గుంతలు బయటపడ్డాయి. అదే వుడ్‌హెంజ్. నేల కింది ఆనవాళ్లను పైరు కూడా పట్టిస్తుంది. పూడిపోయిన కందకం మీద తేమ నిలిచి పైరు ఏపుగా వస్తుంది. కింద పునాదిరాయి ఉంటే గిడసబారుతుంది. పాటిమన్ను సత్తువ ఎరిగిన మన రైతుకు ఇది వింతేమీ కాదు.

రెండో యుద్ధంలో ఈ విద్యకు ప్రాణాల బరువు వచ్చిపడింది. థేమ్స్ ఒడ్డున మెడ్‌మెన్‌హమ్‌లో స్టీరియో ఫొటోలు పరిశీలించేవారిలో ఒకరైన కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్, 1943 చివర్లో జర్మన్ల పీనెమ్యుండె స్థావరం ఫొటోలో వి-1 ఎగిరే బాంబును గుర్తుపట్టింది. అంతటి చూపును యంత్రానికి నేర్పడం ఎలా?

దారి చూపినవాడు ఆ పనికి సంబంధంలేని లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. శాంతి కోసం తపించిన ఈ క్వేకర్, దేశాల సరిహద్దుల పొడవుకూ యుద్ధాలకూ లంకె ఉందేమోనని కొలిచాడు. కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ సరిహద్దుల, తీరాల పొడవు పెరుగుతూ పోయింది. ఆయన పోయాక 1961లో అచ్చయిన ఈ సంగతినే 1967లో గణితవేత్త మాండెల్‌బ్రోట్ బ్రిటన్ తీరం ఎంత పొడవన్న ప్రశ్నగా మలిచాడు. గీత ఎంత గరుకో చెప్పే ఫ్రాక్టల్ సంఖ్య బ్రిటన్ పశ్చిమ తీరానికి సుమారు 1.25 వచ్చింది. దగ్గరగా చూసినా దూరంగా చూసినా తీరం గరుకు ఒకే తీరుగా ఉంటుంది. మనిషి కట్టిన కప్పు, వేసిన రోడ్డు అలా ఉండవు. దగ్గరికి వెళితే నునుపు, దూరం నుంచి చూస్తే గీత.

ఇంతకంటే అందమైన ఆధారం ఈ రంగంలో నాకు కనిపించలేదు. 1973లో అమెరికాలో హరాలిక్ పక్కపక్క చుక్కల నలుపు తెలుపుల పొత్తును లెక్కించి, ఫొటోలోని గరుకుకు, అంటే టెక్స్చర్‌కు అంకెలిచ్చాడు. 1984లో పెంట్లాండ్ సహజ దృశ్యాలను ఫ్రాక్టల్ లెక్కతో వర్ణించాడు. ఆ లెక్కకు నేల ఎక్కడ ఒదగదో అక్కడ మనిషి చేయి ఉందేమో వెతకాలి. బ్రిటన్‌లో సర్రేలోనూ ఆపై ఇంపీరియల్ కాలేజీలోనూ పనిచేసిన మరియా పెట్రూ, 2006లో మరొకరితో కలిసి టెక్స్చర్ మీదే పుస్తకం రాసింది.

చిక్కు మరోచోట ఉంది. ఇంగ్లండ్‌లో కంచెచెట్లు, పచ్చిక మైదానాలు, తోటలు కూడా మనిషి తీర్చినవే. వేరుచేసి చూడటానికి ముట్టని నేల ఎంతని దొరుకుతుంది? ఇక కూలిన గోడ, నాచుపట్టి, మట్టి కప్పుకొని, రాళ్లగుట్టలాగే గరుకుదేలుతుంది. టెక్స్చర్ లెక్క అక్కడే బలహీనపడుతుంది.

స్కాట్లండ్‌లోని ఆరన్ దీవిలో ఈ కష్టం ఎదురైంది. విమానం నుంచి లేజర్‌తో కొలిచిన నేలరూపంలో సుమారు వెయ్యి పురాతన స్థలాలు కొత్తగా కనిపించాయని 2019లో ప్రకటించారు. ఆ కొలతల మీదే డీప్ లెర్నింగ్‌ను కూడా పరీక్షించారు. గుండ్రటి ఇళ్లు, వేసవి మేతకు వెళ్లిన పశువుల కాపరుల గుడిసెలు, చిన్న రాళ్లకుప్పలు వెతకమని యంత్రానికి అప్పగించారు. పరిశోధకులు తమ పద్ధతికి పెట్టుకున్న పేరు సగం స్వయంచాలకం. యంత్రం చూపిన ప్రతి చోటునూ నిపుణులు పరిశీలించి నిజమో కాదో తేల్చవలసే ఉంది.