హిమాలయ స్కీయింగ్ క్షేత్రాల ఎంపిక: మారిన ప్రమాణాలు

హిమాలయాల్లో మంచు నిలిచే వాలులెన్నో ఉన్నా, స్కీయింగ్ క్షేత్రాలుగా స్థిరపడినవి కొన్నే. గుల్మార్గ్, ఔలీల చరిత్రలను పోల్చి చూస్తే ఈ ఎంపికను మంచు ఒక్కటే నిర్ణయించలేదని స్పష్టమవుతుంది.

వలసపాలన కాలంలో గుల్మార్గ్ ఆంగ్లేయులకు వేసవి విడిది. స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా 1927లో అక్కడే ఏర్పడింది. అంటే విడిది వసతులున్న చోటికే క్రీడ చేరింది. స్వాతంత్ర్యానంతరం, కాశ్మీర్ యుద్ధ నేపథ్యంలో, 1948లో సైన్యం అక్కడ స్కీ శిక్షణ పాఠశాలను నెలకొల్పింది. వినోదానికి ఎంచుకున్న వాలులే పర్వత యుద్ధవిద్యకు అభ్యాసభూమి అయ్యాయి. 1998లో మొదలైన గొండోలా సేవతో పర్యాటకం ప్రధాన ప్రయోజనంగా ముందుకొచ్చింది.

గఢ్వాల్ ప్రాంతంలోని ఔలీ 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలకు వేదికైంది. అక్కడికి చేరే రోడ్డు, రోప్‌వే రెండూ దిగువనున్న జోషీమఠ్ పట్టణం నుంచే సాగుతాయి. ఆ పట్టణం పాత కొండచరియల శిథిలాలపై నిలిచి ఉందనీ, భారీ నిర్మాణాలను నియంత్రించాలనీ మిశ్రా కమిటీ 1976లోనే హెచ్చరించింది. 2023 జనవరిలో నేల కుంగి ఇళ్లు బీటలువారాయి. అనేక కుటుంబాలు ఇళ్లు విడిచాయి, రోప్‌వే ఆగిపోయింది.

ఈ కుంగుబాటును స్కీయింగ్‌కు మాత్రమే ఆపాదించడం సరికాదు. అయితే విడిది, రక్షణ, పర్యాటకం అనే మూడు ప్రమాణాలూ వాలు ఎవరికి ఉపయోగపడుతుందన్న ప్రశ్నకే సమాధానమిచ్చాయి. దారినిచ్చే ఊరు ఎంత భారం మోయగలదన్న ప్రశ్న 1976 నాటి నివేదికలో ఉన్నా, ఎంపికకు ప్రమాణం కాలేదు.