మెట్టు ఎక్కని డబ్బా

డిసెంబర్ 7, సైనికుల జెండా దినం వస్తుందంటే మా పెద్దబాపు ముందురోజు రాత్రే ఇస్త్రీ చొక్కా తీసి దండెం మీద వేసుకునేవాడు. 1971 యుద్ధం చూసొచ్చిన మనిషి. పొద్దున్నే నన్ను, ఇంకో ఇద్దరు బడిపిల్లల్ని వెంటేసుకొని రామకృష్ణాపూర్ సూపర్ బజార్ దగ్గరికి నడిచేవాడు. నా చేతిలో రేకు డబ్బా, మూత మీద లక్క ముద్ర. ఆయన చేతిలో కాగితపు జెండాలు, గుండుసూదులు. సైన్యానికి ఎరుపు, నౌకాదళానికి ముదురు నీలం, వాయుసేనకు లేత నీలం.

"దుకాణం మెట్టు ఎక్కొద్దు బిడ్డా. లోపట దుకాణపాయన యాపారం, బయట మన పని" అనేవాడు. "లోపటికి పోయేటోళ్లను అడగొద్దు, వాళ్ల చేతిల లెక్కపెట్టుకున్న పైసలుంటయి. సామాన్లు కొనుక్కొని వచ్చేటోళ్లను అడుగు."

ఈ డబ్బా వెనక పెద్ద కథే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన నవంబర్ 11న తెల్లదొరల కాలంలో ఇక్కడా సైనికుల కోసం పాపీ పూలు అమ్మేవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక మన సైనికులకు మన రోజే ఉండాలన్నారు. 1949 ఆగస్టు 28న రక్షణ మంత్రి కమిటీ డిసెంబర్ 7ను ఖాయం చేసింది. ఆ ఏడాదే మొదటిసారి జెండాలు గుచ్చారు. 1993లో ఈ జెండాల డబ్బు చేరే నిధిని, యుద్ధంలో చనిపోయినవాళ్ల, అంగవికలురైన వాళ్ల కోసం ఉన్న మిగతా నిధుల్నీ ఒక్కచోట చేర్చారు. జిల్లాలో ఈ వసూళ్లు చూసే సైనిక బోర్డుకు కలెక్టరే అధ్యక్షుడు. అందుకే మాకిచ్చిన డబ్బాకు ముద్ర ఉండేది.

బొగ్గుబావిలో మొదటి షిఫ్టు దిగి వచ్చేవాళ్ల కోసం మధ్యాహ్నం దాకా కాచుకునేవాళ్లం. స్నానం చేసినా గోళ్ల సందుల్లో బొగ్గు నలుపు పోయేది కాదు. ఆ వేళ్లతోనే జేబులోని చిల్లర తీసి, డబ్బా చీలికలోంచి ఒక్కొక్క బిళ్లా జారవిడిచేవాళ్లు. పెద్దబాపు జెండా గుచ్చుతుంటే సూది ఒంటికి తగలకుండా చొక్కా గుడ్డను రెండు వేళ్లతో ముందుకు లాగి పట్టుకునేవాళ్లు.

ఒకసారి ఒక దుకాణదారు మమ్మల్ని గదిమి పంపాడు. నాకు ఏడుపొచ్చింది. పెద్దబాపుకు మాత్రం కోపం రాలేదు. "ఆయన తప్పేం లేదు. మొన్ననే ఎవడో రశీదు లేకుండ చందాలు వసూలు చేస్కొని పోయిండు" అన్నాడు. మా బస్తీల్లో చందాలకు కొదవ లేదు. వినాయకుడికి, సంఘం మహాసభకు, దవాఖానలో పడ్డ తోటి కార్మికుడికి, అన్నిటికీ అడిగేవాళ్లే. గల్లాపెట్టె ముందు రోజుకో చేయి చాస్తే దుకాణదారు మాత్రం ఏం చేస్తాడు? మరుసటి ఏడు పెద్దబాపు పాత రశీదు జేబులో పెట్టుకొచ్చి, పోయినేడు డబ్బాలో ఎంత పడ్డదో ముందు ఆయనకు చూపించాడు. దుకాణదారు నిలబడమన్నాడు.

అమెరికాలో కూడా 1922 నుంచి మాజీ సైనికులు పాపీ పూలు పంచుతూ విరాళాలు అడుగుతున్నారు. దుకాణం ముందు నిలబడాలంటే వాళ్లూ యజమానిని అడగాల్సిందే. ఇప్పుడు పెద్ద దుకాణాల్లో "చందాలు అడగరాదు" అని బోర్డే పెడుతున్నారు. ఫోన్‌తో కోడ్ స్కాన్ చేసి పంపితే డబ్బు చేరుతుంది, అది మంచిదే. కానీ నాకు ఆ డబ్బు కంటే ఆ నిలబడటం ముఖ్యం. ఇచ్చేవాడు, యుద్ధం నుంచి వచ్చినవాడు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

మా బాపు, పెద్దబాపు గుచ్చిన జెండా తీయకుండానే రెండో షిఫ్టుకు పోయేవాడు. రాత్రి ఇంటికొచ్చాక అమ్మ దాన్ని విప్పి, సూదిని మాత్రం దేవుడి గూట్లో డబ్బీలో వేసేది, మళ్లీ పనికొస్తుందని.