నేరం అక్షరానిదా, దుబాసీదా?



2018 ఫిబ్రవరి మధ్యలో ఒక వార్త దేశదేశాల పత్రికలలో వెలువడినది. ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చివేస్తున్నదని దాని సారాంశం. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానానికీ, జ్ఞాపకానికీ మొదటి అక్షరం. ఉద్యోగంలో ఉన్నంతకాలం పిల్లలచేత పలకమీద దిద్దించిన అక్షరం యంత్రాలకు మారకమైనదని చదివినప్పుడు నవ్వూ వచ్చినది, బాధా కలిగినది. అయితే ఆ ఆరోపణ నాకు కొత్తది కాదు. “తెలుగు పెట్టినందుకే యంత్రం చెడిపోయినది” అన్న మాటను అంతకు పదేళ్ళ ముందే మా ధర్మసాగర్‌లో విన్నాను. ఈ రెండు ఆరోపణల వెనుకనున్న చరిత్ర ఒక్కటే. అది అక్షరానిది కాదు, అక్షరాన్ని తెరమీద గీసేవానిది. ఆ చరిత్రనే ఇక్కడ వ్రాయదలచాను.

కంప్యూటరులో బొమ్మ గీసే భాగం వేరు, గీయుమని ఆజ్ఞాపించే భాగం వేరు. ఆజ్ఞ ఇచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్. గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఒకరి భాష మరొకరికి తెలియదు. నడుమ నిలిచి ఆ మాటను ఈ భాషలోనికి మార్చి చెప్పే చిన్న ప్రోగ్రామును డ్రైవరు అంటారు. మనవారు దీనిని చోదకమని అనువదించారు గాని, దుబాసీ అన్న పాత మాటే దీనికి చక్కగా అతుకుతుందని నా అభిప్రాయం. దుబాసీ తప్పు చెబితే దొరకూ రైతుకూ నడుమ ఎంత అనర్థం జరుగుతుందో, డ్రైవరు తప్పు చెబితే ఇక్కడా అంతే జరుగుతుంది. నష్టపోయిన రైతు దొరను తిడతాడు. దొర రైతును దండిస్తాడు. దుబాసీ మాత్రం ఎవరికీ కనబడడు.

ఈ దుబాసీ ఎక్కడ కూర్చుండవలె అన్నదే అసలు చరిత్ర. మా ఓరుగల్లు కోటను చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. అక్కడ వెలుపల మట్టికోట, లోపల రాతికోట ఉన్నవి. 1993లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ ఎన్‌టీ 3.1లో తెరమీద గీసే వ్యవస్థలో ముఖ్యభాగమంతా రాతికోటకు వెలుపలనే ఉండేది. రాతికోట అనగా కెర్నెల్. యంత్రపు ప్రాణమంతా అక్కడే ఉంటుంది. వెలుపలివాడు తప్పటడుగు వేసినా లోపలి సింహాసనానికి చప్పున దెబ్బ తగలదు. కాని ప్రతి గీతకూ కోట గుమ్మం దాటి రాకపోకలు సాగించవలసి రావడంతో పని నెమ్మదించేది. 1996లో వచ్చిన ఎన్‌టీ 4.0లో, వేగం కోసం, చిత్రించే వ్యవస్థనూ దాని డ్రైవర్లనూ రాతికోట లోనికే తెచ్చారు. వేగం పెరిగినది. దానితోపాటు, కార్డు తయారీదారు వ్రాసిన డ్రైవరులో ఒక్క దోషమున్నా యంత్రం మొత్తం కూలే అవకాశమూ ఏర్పడినది.

2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినది. అప్పటివరకు కార్యాలయాలకే ఎక్కువగా పరిమితమైయున్న ఎన్‌టీ వంశం దానితో ఇళ్ళలోనికి ప్రవేశించినది. మనకు గౌతమి ఫాంటునూ, తెలుగు యూనికోడ్ లిపినీ సరిగా చూపే సౌకర్యాన్నీ తెచ్చినది ఆ ఎక్స్‌పీయే. తెలుగు అక్షరం, రాతికోటలో కూర్చున్న దుబాసీ – ఈ ఇద్దరూ ఒకే తలుపు గుండా మన ఇండ్లకు వచ్చారు. తరువాతి అపోహకు బీజం ఇక్కడ పడినది.

2007లో మా ఇంటి కంప్యూటరు తరచుగా నీలితెర చూపి ఆగిపోసాగినది. హన్మకొండలో బాగుచేయు కుర్రవాడు ఒక్క చూపు చూసి, “సారూ, ఆ తెలుగు ఫాంటు తీసెయ్యున్రి, సాఫయితది” అన్నాడు. తెలుగు పెట్టిన కొన్నాళ్ళకే ఆగిపోవడం మొదలైనది కనుక అతని ఊహ సహజమే. కాకి వాలినది, తాటిపండు రాలినది. దీనినే మన పెద్దలు కాకతాళీయ న్యాయమన్నారు.

ఆ ఊహను పరీక్షించుటకు నాకు తోచిన సాధనం తర్కశాస్త్రం. మన ఆంధ్రుడే అయిన అన్నంభట్టు తర్కసంగ్రహాన్ని చదివినవారికి అన్వయ వ్యతిరేకాలు పరిచితాలే. కారణమున్నచోట కార్యముండుట అన్వయం, కారణం లేనిచోట కార్యం లేకుండుట వ్యతిరేకం. రెండూ కుదిరినప్పుడే కార్యకారణ సంబంధాన్ని ఒప్పుకోవలె. ఒక నోటుపుస్తకం పెట్టి, యంత్రం ఆగిన ప్రతిసారీ అప్పుడు జరుగుతున్న పనిని వ్రాసుకున్నాను. కొన్నిసార్లు తెలుగు టైపు చేస్తున్నాను, నిజమే. కాని మా అబ్బాయి ఆట ఆడుతున్నప్పుడూ ఆగినది, ఇంట్లోవారు సినిమా పాట చూస్తున్నప్పుడూ ఆగినది. అప్పుడు తెరమీద తెలుగు అక్షరమే లేదు. తెలుగు లేకున్నా కార్యం జరుగుతున్నది కనుక తెలుగు కారణం కాజాలదు.

తరువాత వ్యతిరేకం. యంత్రం మొదలయ్యే సమయంలో ఎఫ్ 8 మీట నొక్కితే సేఫ్ మోడ్ అన్న ఎంపిక వచ్చేది. అందులో కార్డు తయారీదారు డ్రైవరు పక్కకు తప్పుకొని, విండోస్‌తో వచ్చిన సాదా డ్రైవరు పని చేస్తుంది. బొమ్మలు ముతకగా ఉంటాయి. ఆ స్థితిలో ఒక పూటంతా తెలుగు టైపు చేశాను. యంత్రం ఒక్కసారీ ఆగలేదు. తెలుగు ఉన్నది, డ్రైవరు లేదు, దోషం లేదు. మామూలు స్థితికి రాగానే దోషం మళ్ళీ వచ్చినది. డివైస్ మేనేజరులో ‘రోల్ బ్యాక్’ అన్న మీటతో డ్రైవరును వెనుకటి రూపానికి మార్చాను. ఎక్స్‌పీతో వచ్చిన మంచి సదుపాయాలలో అది ఒకటి. తిప్పలు తీరినవి. ఫాంటు ఎక్కడిదక్కడే ఉన్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక. నీలితెర కనబడిన ప్రతిచోటా డ్రైవరునే నిందించరాదు. కార్డుమీది ఫ్యానులో దుమ్ము పేరుకొని వేడెక్కినా, మెమరీ చిప్పు చెడినా, కరెంటు ఎగుడుదిగుళ్ళకు పవర్ సప్లై బలహీనపడినా లక్షణాలు అలాగే ఉంటాయి. ఫాంటును అనుమానించడం కూడా పూర్తిగా నిరాధారం కాదు. ఫాంటులను చదివే పనినీ ఆ రోజులలో కెర్నెల్ లోపలే చేసేవారు. 2011లో బయటపడిన డూకూ అన్న దుష్ట ప్రోగ్రాము ఆ ద్వారం గుండానే లోపలికి చొచ్చినది. అనుమానించుట తప్పు కాదు, పరీక్షించక తీర్పు చెప్పుట తప్పు.

నా నోటుపుస్తకం చెప్పినదాన్ని పెద్ద కొలతలో చెప్పిన పత్రాలు మరుసటి ఏడు బయటపడినవి. విండోస్ విస్టా విషయమై అమెరికాలో నడచిన వ్యాజ్యంలో మైక్రోసాఫ్ట్ అంతర్గత లేఖలు 2008లో వెల్లడి అయినవి. 2007లో నమోదైన విస్టా వైఫల్యాలలో సుమారు 29 శాతం ఎన్‌విడియా అనే ఒక్క గ్రాఫిక్స్ సంస్థ డ్రైవర్ల వలన జరిగినవని వాటిలో ఉన్నది. మైక్రోసాఫ్ట్ సొంత ప్రోగ్రాముల వాటా సుమారు 18 శాతం. జనం మాత్రం మొత్తం నిందను విస్టా నెత్తినే వేశారు.

ఆ విస్టాలోనే చికిత్స కూడా మొదలైనది. డ్రైవరును రెండుగా చీల్చి, పెద్ద భాగాన్ని రాతికోట వెలుపలికి పంపి, తప్పనిసరియైన చిన్న భాగాన్నే లోపల ఉంచారు. కావలివానిని కూడా పెట్టారు. గ్రాఫిక్స్ కార్డు రెండు సెకండ్లపాటు పలుకకపోతే, యంత్రాన్ని ఆపకుండా కార్డును మాత్రం తట్టి లేపుతాడు. తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ వచ్చి, ‘డిస్‌ప్లే డ్రైవరు ఆగి తిరిగి కోలుకున్నది’ అన్న సందేశం కనబడేది ఇందువల్లనే. ఎంత లేపినా లేవకపోతే నీలితెర తప్పదు. ఆ నీలితెర సంఖ్య 116. అది పదహారు అంకెల మానంలోని సంఖ్య కనుక మన నూటపదహార్లతో విలువ కలవదు గాని, చూసినప్పుడల్లా కట్నం చదివించినట్లే ఉంటుంది.

ఇప్పుడు ‘జ్ఞా’ దగ్గరకు వద్దాం. తెలుగు లిపిలో ఒక విశేషమున్నది. ‘జ్ఞా’లో దీర్ఘం ఉచ్చారణలో ‘ఞ’కు చెందుతుంది. వ్రాతలో మాత్రం అది పైనున్న ‘జ’కు తగులుతుంది, ‘ఞ’ క్రింద ఒత్తుగా ఉంటుంది. యంత్రంలో వరుస జ, పొల్లు, ఞ, దీర్ఘం. చివర వచ్చిన దీర్ఘాన్ని మొదటి అక్షరానికి తగిలించుట గీసే ప్రోగ్రాము బాధ్యత. ఆపిల్ పరికరాలలో ఆ పని చేసేది కోర్‌టెక్స్ట్ అన్న భాగం. గ్రాఫిక్స్ డ్రైవరు కాకపోయినా ఇదీ ఒక విధమైన దుబాసీయే.

వార్తలలో రాని సంగతి ఏమిటంటే, మనం వ్రాసే మామూలు ‘జ్ఞా’ వలన ఏ ఫోనూ కూలలేదు. కూల్చిన వరుసలో ఞకూ దీర్ఘానికీ నడుమ ఒక అదృశ్య వర్ణం ఉన్నది. దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పొల్లు తరువాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపుటకు మనం దానిని వాడుకుంటాం. ‘ధర్మసాగర్‌లో’ అని వ్రాసినప్పుడు ‘ర్’ పక్కన అదే ఉన్నది. లేకపోతే ‘ధర్మసాగర్లో’ అవుతుంది. ఒత్తుకూ దీర్ఘానికీ నడుమ మాత్రం మామూలు తెలుగు రాతలో దానికి పని లేదు.

మనీష్ గోరేగావ్‌కర్ అనే ఇంజనీరు ఆ రోజులలోనే ఈ వరుసను విడదీసి చూసి వివరంగా వ్రాశాడు. ఒక్కొక్క వర్ణాన్నీ మార్చుతూ, తీసివేస్తూ, ఎప్పుడు కూలుతున్నదో ఎప్పుడు కూలడం లేదో పరిశీలించాడు. పేరు పెట్టకపోయినా అది అన్వయ వ్యతిరేక పరీక్షయే. ‘జ్ఞా’ ఒక్కటే కాక తెలుగులో ఎన్నో సంయుక్తాక్షరాలు, దేవనాగరిలోనూ వంగలిపిలోనూ కొన్ని వరుసలు అట్లే కూల్చగలవని తేలినది. రెండు ముక్కలుగా గీయవలసిన ఐత్వం వస్తే మాత్రం కూలడం లేదని కూడా తేలినది. అనగా దోషం అక్షరానిది కాదు, గుర్తును అతికించే లెక్కది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ లెక్కను సరిదిద్దినది. తెలుగు లిపిలో దిద్దవలసినది ఏమీ లేకపోయినది.

రాతికోటలోని దుబాసీల కథ ఇంకా ముగియలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అన్న రక్షణ సంస్థ పంపిన ఒక దోషపూరిత ఫైలును దాని కెర్నెల్ డ్రైవరు చదువబోయి, ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను కూల్చినది. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. దానికి చెప్పిన చికిత్స సేఫ్ మోడ్‌లోనికి వెళ్ళి ఆ ఫైలును తొలగించుట. అదే పాత వ్యతిరేకం.

ఈ చరిత్ర మనకెందుకు అని అడుగవచ్చు. యంత్రం ఆగిన ప్రతిసారీ ముద్దాయిగా నిలబడేది, అక్కడ కొత్తగా కనబడేవాడు. మన ఇండ్లలో, బడులలో, కార్యాలయాలలో ఆ కొత్తవాడు తరచుగా తెలుగే. ఆంగ్లంలో టైపు చేస్తుండగా ఆగితే ఎవరూ ఆంగ్లాన్ని తీసివేయుమని చెప్పరు. తెలుగులో ఆగితే మొదటి సలహా అదే. ఆ సలహా వినిన ప్రతిచోటా ఒక తెలుగు కీబోర్డు మూలపడుతుంది, ఒక పిల్లవాడు తన పేరును ఆంగ్ల లిపిలో వ్రాసుకొనుటకు అలవాటుపడతాడు. దోషమున్న డ్రైవరు మాత్రం అక్కడే ఉండి మరునాడు మళ్ళీ కూలుస్తుంది.

కనుక మిత్రులకు నా విన్నపం ఒక్కటే. మీ యంత్రం ఆగినప్పుడు ఎవరైనా తెలుగును తీసివేయుమంటే, తీసివేయుటకు ముందు ఒక్కసారి డ్రైవరును తీసి చూడండి. అప్పటికీ దోషం పోకపోతే అప్పుడు ఫాంటును ప్రశ్నించవచ్చు. విచారణ లేని శిక్ష మనిషికి తగనట్లే అక్షరానికీ తగదు.

స్వస్తి.