కారవాన్ నీటి వ్యవస్థకు గడ్డకట్టకుండా రక్షణ (సౌదీ అరేబియా)

వంటగది, స్నానాలగది ఉన్న కారవాన్ వాహనాల్లో నీటి ట్యాంకు, పంపు, గీజరు, పైపులు చలికి పగలకుండా తీసుకునే జాగ్రత్తలివి. సౌదీ అరేబియాలో ఎడారి విడిదికి శీతకాలమే అనువైన కాలం. అయితే ఉత్తరాన తురైఫ్, అరార్ ప్రాంతాల్లోనూ, తబూక్ సమీపంలో మంచు కురిసే జబల్ అల్ లౌజ్ పర్వతం మీదా రాత్రి ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పడిపోతుంది.

నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి పైపులు, కుళాయిలు, పంపు చిట్లుతాయి. అందుకే ఒక యాత్ర ముగిసి మరొకటి మొదలయ్యేలోగా వ్యవస్థను ఖాళీ చేస్తారు. ముందుగా గీజరు ఆపి, చల్లారాక అందులోని నీటిని వదులుతారు. తర్వాత ట్యాంకులు ఖాళీ చేసి, కుళాయిలన్నీ తెరిచి, తక్కువ పీడనంతో గాలి పంపి, పైపుల్లో మిగిలిన నీటిని వెళ్లగొడతారు.

గాలికి తొలగని నీరు పంపులోనూ, సింకు కింది వంపుల్లోనూ నిలుస్తుంది. అక్కడ ప్రొపిలీన్ గ్లైకాల్ ఆధారిత ద్రావణం నింపుతారు. కారు రేడియేటర్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషపూరితం కనుక తాగునీటి పైపుల్లో వాడకూడదు. తదుపరి యాత్రకు ముందు మంచినీటితో వ్యవస్థనంతా కడుగుతారు.