బాల్యపఠనం – పునఃపఠనం: ‘చందమామ’ అద్భుత ధారావాహికలు, నంద్యాల సీమ పాఠకుడు

వ్యాససంగ్రహం:

బాల్యంలో ఇష్టంగా చదివిన అద్భుత కథలను పెద్దయిన తరువాత మళ్లీ చదివినప్పుడు కలిగే అనుభవభేదాన్ని సాధారణంగా వయోభేదంగానే వివరిస్తారు. ఆ వివరణ చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలను ఆధారంగా తీసుకొని, రెండు పఠనాల మధ్య పుస్తకరూపం, కర్తృత్వం, భౌగోళిక పరిచయం అనే మూడు అంశాలు ఎలా మారాయో పరిశీలిస్తుంది. డోన్, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నైసర్గిక, సాంస్కృతిక నేపథ్యాన్ని ఇందుకు ఆశ్రయిస్తుంది.

కీలకపదాలు: చందమామ, దాసరి సుబ్రహ్మణ్యం, ధారావాహిక, పునఃపఠనం, బైండు పుస్తకం, నల్లమల, బెలుం గుహలు.

1. ఉపోద్ఘాతం:

1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుండి ‘చందమామ’ను ప్రారంభించారు. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడుకు చెందినవారు. కనుక ఈ పత్రిక మద్రాసులో అచ్చయినా దాని మూలాలలో ఒకటి రాయలసీమలో ఉంది. 1952 నుండి 1980లో మరణించేవరకు కొడవటిగంటి కుటుంబరావు సంపాదక బాధ్యత నిర్వహించారు. ఆయన కాలంలోనే దాసరి సుబ్రహ్మణ్యం (1932–2010) పత్రికలో చేరి, 1954లో ‘తోకచుక్క’తో అద్భుత ధారావాహికల పరంపరకు శ్రీకారం చుట్టారు. ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయా సరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’ ఆ పరంపరలోనివి.

ఇంగ్లండులో టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి సంపుటం వెలువడింది కూడా 1954లోనే. అద్భుత కథ పిల్లలకు మాత్రమే పరిమితం కాదని టోల్కీన్ 1939 నాటి ఉపన్యాసంలోనే వాదించారు. ఆంగ్ల సాహిత్యంలో ఈ ప్రక్రియకు క్రమంగా విమర్శ ఏర్పడింది. తెలుగులో మాత్రం ‘చందమామ’ ధారావాహికలు ఎక్కువగా జ్ఞాపకాలలోనే నిలిచాయి. జ్ఞాపకం అభిమానాన్ని కాపాడుతుంది గాని పరిశీలనకు ప్రత్యామ్నాయం కాదు. ఈ రెండింటి మధ్య దూరాన్ని కొంత తగ్గించడం ఈ వ్యాస లక్ష్యం.

2. సంచిక నుండి పుస్తకానికి:

బాల్యంలో చదివింది పుస్తకం కాదు, నెలకొక భాగం. ఒక్కొక్క భాగం కథానాయకులు ఆపదలో చిక్కుకున్న చోట ‘ఇంకా ఉంది’ అనే మాటతో ఆగిపోయేది. తరువాతి సంచిక వచ్చేవరకు కథ పాఠకుడి ఊహలో సాగేది. గుంతకల్లు, నంద్యాల, కర్నూలు దిశల రైలుమార్గాలు కలిసే కూడలి డోన్. ఇటువంటి ఊళ్లకు పత్రిక బయటినుండి రావలసిందే. కాబట్టి ఎదురుచూపు ఇక్కడి పఠనంలో ఒక భాగం. ఇంట్లో ఒకరు చదివాక మరొకరు, ఆ తరువాత పొరుగింటివారు చదవడం వల్ల ఒకే సంచికకు అనేకమంది పాఠకులు ఉండేవారు. ‘తరువాత ఏమవుతుంది?’ అన్న చర్చ కూడా కథలో అంతర్భాగమయ్యేది.

నేడు అదే కథను ఏకబిగిన చదివితే ఉత్కంఠ తగ్గుతుంది, నిర్మాణం బయటపడుతుంది. బందీ కావడం, తప్పించుకోవడం, కొత్త శత్రువు ఎదురుకావడం అనే ఆవృత్తి స్పష్టంగా కనిపిస్తుంది. దీనిని రచనాలోపంగా భావించడం తొందరపాటు. నెల రోజుల ఎడం కోసం కట్టిన నిర్మాణాన్ని గంటల వ్యవధిలో చదివినందువల్ల కనిపించే లక్షణమిది.

ప్రతి భాగం ఆరంభంలో జరిగిన కథను క్లుప్తంగా చెప్పడం ఈ ధారావాహికల పద్ధతి. బాలపాఠకుడు దాటవేసిన ఆ నాలుగు వాక్యాలు పరిశోధకుడికి విలువైనవి. పాఠకుడు దేనిని గుర్తుంచుకోవాలని పత్రిక ఆశించిందో అవి తెలుపుతాయి. ఒక ధారావాహికలోని ఈ సంగ్రహాలను మాత్రమే వరుసగా చదివినా కథనంలో ప్రధానం ఏది, అప్రధానం ఏది అన్న విభజన తెలుస్తుంది.

సంచికలోని ధారావాహిక పుటలను విడదీసి కుట్టించి బైండు చేయించుకోవడం తెలుగు ఇళ్లలో విస్తృతంగా ఉన్న అలవాటు. అటువంటి ప్రతిలో చివరి పుట వెనుక మొదలైన మరో కథ సగంలో తెగిపోతుంది. పుట అంచున చదివినవారి పేర్లు, చేతిరాతలు మిగులుతాయి. పాఠకుడే ప్రచురణకర్తగా మారిన సందర్భమిది. పత్రిక భద్రపరచని పఠనచరిత్రను ఈ ప్రతులు భద్రపరిచాయి.

3. పేరులేని రచయిత:

ఈ ధారావాహికలపై రచయిత పేరు అచ్చుకాలేదు. బాలపాఠకుడి దృష్టిలో కథ చెప్పింది ‘చందమామ’. చిత్రకారుడు ‘చిత్ర’ (టి.వి. రాఘవన్) సంతకం బొమ్మల మూలల్లో కనిపించేది గాని, మాటలు కూర్చినవారి ఆనవాలు ఉండేది కాదు. అందువల్ల మాంత్రికుడి రూపం మనసులో నిలిచింది, మాంత్రికుణ్ణి సృష్టించినవాడు నిలవలేదు. దాసరి పేరు విస్తృతంగా తెలిసింది ఆయన జీవిత చరమదశలోను, మరణానంతరమూను.

పేరు తెలిసిన తరువాత పఠనం మారుతుంది. విడివిడి కథలుగా తోచినవి ఒకే రచయిత కృషిగా కనిపిస్తాయి. ఆయన కథనంలో జంట నాయకత్వం ఒక స్థిరలక్షణం. ‘రాకాసిలోయ’లో కేశవుడు, జయమల్లు, ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి, ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు, ‘మాయా సరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు ఇందుకు నిదర్శనాలు. జానపద కథలోని ఒంటరి రాకుమారుడి స్థానంలో ఇద్దరు స్నేహితులు నిలిచారు. ఆపద నుండి బయటపడే మార్గం వారి సంభాషణలో రూపుదిద్దుకుంటుంది. మంత్రశక్తి ఎంత భయంకరమైనదైనా దానికి ఒక పరిమితి ఉంటుంది. సమయస్ఫూర్తి ఆ పరిమితిని కనిపెడుతుంది. కథ మాయాలోకంలో నడిచినా దానిలోని తర్కం మానవబుద్ధిని ఆశ్రయించింది.

అయితే ఈ గుణాన్ని పూర్తిగా ఒక్కరికే ఆపాదించడం కూడా సరికాదు. కుటుంబరావు సంపాదకత్వంలో పత్రిక భాష ఏకరూపతను సంతరించుకొంది. క్లుప్తవాక్యం, వాడుకకు దగ్గరైన పదం, అనవసర వర్ణన లేకపోవడం అందులోని అన్ని రచనలకూ సామాన్యలక్షణాలు. కనుక ఈ ధారావాహికల కర్తృత్వాన్ని రచయిత, సంపాదకుడు, చిత్రకారుల ఉమ్మడి శ్రమగా పరిగణించడం సమంజసం. అలా పరిగణించినా, ఆ ముగ్గురిలో రచయిత పేరు దశాబ్దాలపాటు పాఠకుడికి అందలేదన్న వాస్తవం మారదు.

4. కథలోని అడవి – కళ్లెదుటి అడవి:

నంద్యాల సీమ బాలుడికి ఈ కథల భూగోళం మరీ పరాయిది కాదు. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు 3 కిలోమీటర్లకు పైగా భూమి లోపల వ్యాపించాయి. వాటిలో అత్యంత లోతైన స్థలానికి ‘పాతాళగంగ’ అని పేరు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహలను ప్రస్తావించాడు. 1980లలో జర్మన్ అన్వేషకులు వాటిని సవివరంగా పరిశీలించారు. 2002లో సందర్శకులకు ప్రవేశం లభించింది. యాగంటి కొండగుహలు, ఆళ్లగడ్డ సమీపంలోని అహోబిలం, దాని వెనుక నల్లమల ఇక్కడివారికి పరిచితాలు. ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ వంటి శీర్షికలు ఈ ప్రాంతపు పాఠకుడికి చూసిన చోట్లనే స్ఫురింపజేస్తాయి. దాసరి ఈ స్థలాలను దృష్టిలో ఉంచుకొని రాశారని దీని అర్థం కాదు. చదివినవాడు తన ఊరి రాళ్లతోనే ఆ కోటలను కట్టుకున్నాడని మాత్రమే దీని తాత్పర్యం.

పునఃపఠనం అభిమానాన్ని ప్రశ్నించేది కూడా ఇక్కడే. ఈ ధారావాహికలలో అడవి ప్రధానంగా ప్రమాదస్థలం. అక్కడి తెగలు తరచుగా నాయకులు దాటవలసిన అడ్డంకులు. బాల్యంలో ఇది కేవలం ఉత్కంఠ. నల్లమలలో చెంచులు నివసిస్తున్నారని తెలిసిన వయోజన పాఠకుడికి ఇది చిత్రణకు సంబంధించిన ప్రశ్న. అహోబిల సంప్రదాయం ఇందుకు భిన్నమైన కథను చెబుతుంది. అందులో నరసింహస్వామి చెంచులక్ష్మిని వివాహమాడి చెంచుల అల్లుడవుతాడు. సంక్రాంతి తరువాత సాగే పారువేట ఉత్సవంలో స్వామి పల్లెపల్లెకూ వెళతాడు. మౌఖిక సంప్రదాయం అడవితో చుట్టరికం కలుపుకొన్నచోట, అచ్చులోని అద్భుత కథ అడవిని ఎదుర్కోవలసిన వింతగా నిలిపింది. ఒకే ప్రాంతపు బాలుడు ఈ రెండు కథలనూ విన్నాడు. వాటి మధ్య వైరుధ్యాన్ని గుర్తించడానికి మాత్రం రెండవ పఠనం అవసరమైంది.

స్త్రీపాత్రల విషయంలోనూ ఇటువంటి పరిమితి ఉంది. సాహసం జంట పురుషులది. రాకుమార్తె ఎక్కువగా అన్వేషణకు లక్ష్యం. ఆ కథలను అంతే ఇష్టంగా చదివిన బాలికలు తమను ఎవరితో పోల్చుకున్నారన్నది ప్రత్యేకంగా పరిశోధించవలసిన అంశం.

5. ముగింపు:

• పునఃపఠనంలో కలిగే నిరాశ గాని, ఆనందం గాని పాఠకుడి వయసు వల్ల మాత్రమే ఏర్పడేవి కావు. సంచిక పుస్తకంగా మారడం, అజ్ఞాత రచయిత పేరు వెలుగులోకి రావడం, పాఠకుడు తన ప్రాంతాన్ని కొత్తగా తెలుసుకోవడం అందుకు కారణాలు.

• అడవి తెగల చిత్రణలోని లోపాన్ని గుర్తించడం ఈ కథలను తిరస్కరించడం కాదు. స్నేహం, సమయస్ఫూర్తి, అధికారానికి జంకని స్వభావం వీటి స్థిరమైన విలువలు. లోపమూ విలువా ఒకే పుటలో ఉన్నాయని అంగీకరించడమే విమర్శ.

• ‘చందమామ’ ముద్రణ 2010 దశకం తొలి సంవత్సరాలలో ఆగిపోయింది. ధారావాహికల పాఠం పుస్తకాలుగా, అంతర్జాల ప్రతులుగా కొంతవరకు దక్కింది. ఇళ్లలోని బైండు పుస్తకాలకు ఆ రక్షణ లేదు. ఇల్లు మారినప్పుడు, పెద్దలు గతించినప్పుడు అవి పాతకాగితాల తూకంలో కలిసిపోతున్నాయి. వాటితోపాటు ఎవరు, ఎక్కడ, ఎవరి తరువాత ఎవరు చదివారన్న సాక్ష్యం కూడా పోతుంది. డోన్, నంద్యాల, ఆళ్లగడ్డ వంటి ఊళ్ల కళాశాలల తెలుగు శాఖలు విద్యార్థుల ఇళ్లలో మిగిలిన ప్రతులను నమోదు చేయించి, వాటిని చదివిన పెద్దల అనుభవాలను సేకరింపజేస్తే తెలుగు పఠనచరిత్రకు మరెక్కడా దొరకని ఆధారం సమకూరుతుంది. ఆ పాఠకులు మన మధ్య ఉన్నప్పుడే జరగవలసిన పని ఇది.